ఇతరుల గోడు వినే వృత్తి: ఎందుకు వస్తారు? ఎట్లా నిలుస్తారు?

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. (బి.జెడ్.సి.) విద్యార్థిని

మన కాలేజీలో ఏ క్లాసుకైనా వెళ్ళి "చదువయ్యాక ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. బి.ఇడి. చేసి టీచరునవుతానని కొందరు, ఎమ్మెస్సీ చేసి మందుల కంపెనీలో చేరతానని కొందరు, గ్రూప్స్ రాస్తానని చాలామంది చెబుతారు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక గదిలో కూర్చుని ముక్కూ మొహం తెలియనివారి దుఃఖం వింటాను" అని చెప్పేవారు ఒక్కరు కూడా కనపడరు. ఎవరైనా చెబితే బెంచీ బెంచీ నవ్వుతుంది. అయినా దేశదేశాలలో ఎంతోమంది ఇదే పనిని వృత్తిగా ఎంచుకుని, ముప్ఫయి నలభై ఏళ్ళు చేసి, రిటైరయ్యే వయసొచ్చినా మానకుండా చేస్తున్నారు. వీళ్ళు ఎవరు? ఏం చూసి ఇందులోకి వస్తారు? వచ్చాక అంత దుఃఖం మధ్య ఎట్లా నిలదొక్కుకుంటారు? ఏడాది కాలంగా నన్ను పట్టుకున్న ప్రశ్నలివి. దానికి కారణం లేకపోలేదు. డిగ్రీ అయ్యాక సైకాలజీ చదవాలని నా కోరిక. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పించబోయే ముందు ఆ వృత్తి సంగతి నాకే సరిగా తెలియాలి గదా అని లైబ్రరీలో కూర్చుని చదివిన దాంట్లో కొంత ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్న వివరణ. మన దగ్గర "మెంటల్ డాక్టరు" అన్న ఒక్క మాటతో అందరినీ కలిపేస్తాం. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి ఆపైన మానసిక వైద్యంలో పి.జి. చేసిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు సైకాలజీ చదివి, ఆసుపత్రిలో శిక్షణ పొంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరు ఎక్కించుకున్న వ్యక్తి. కౌన్సెలర్లు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు వేరే ఉన్నారు. వీళ్ళలో మాటల ద్వారా, అంటే ఒక పద్ధతి ప్రకారం సాగే సంభాషణ ద్వారా, చికిత్స చేసే వారందరినీ ఈ వ్యాసంలో థెరపిస్టులు అంటున్నాను. డిగ్రీల తేడాలు ముఖ్యమైనవే, కాని మన ప్రశ్నకు అవి అడ్డురావు.

జాలిగుండె ఉన్నవాళ్ళే ఈ వృత్తిలోకి వస్తారని మనమంతా అనుకుంటాం. ఈ వృత్తికి ఆద్యుడని పేరుపడ్డ సిగ్మండ్ ఫ్రాయిడ్ సంగతి చూస్తే ఆ అభిప్రాయం మొదట్లోనే దెబ్బతింటుంది. జువాలజీ విద్యార్థులకు ఈ కథ ప్రత్యేకంగా నచ్చుతుంది. 1876 లో, అంటే దాదాపు మా వయసులోనే, వియన్నా విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఫ్రాయిడ్‌ను వాళ్ళ ప్రొఫెసరు ట్రియెస్ట్ అనే సముద్రతీర పట్టణంలోని పరిశోధన కేంద్రానికి పంపాడు. మగ ఈల్ చేపల్లో వృషణాలు ఎక్కడున్నాయన్నది అప్పటికి పూర్తిగా తేలని సమస్య. ఫ్రాయిడ్ దాదాపు 400 ఈల్ చేపలను కోసి మైక్రోస్కోపు కింద పరీక్షించాడు. అయినా ఖాయంగా తేల్చి చెప్పలేకపోయాడు. (డిసెక్షన్లు పోయి చార్టులతో సరిపెట్టుకుంటున్న మా బ్యాచికి 400 అన్న అంకె కొంచెం అసూయ పుట్టిస్తుంది.) ఆ తరువాత బ్రూకె అనే ఫిజియాలజీ ప్రొఫెసరు ల్యాబులో నాడీకణాల మీద పనిచేశాడు. బతుకంతా అక్కడే గడపాలన్నది ఆయన ఆశ. కాని ల్యాబులో జీతం చాలదు, 1882 లో పెళ్ళి నిశ్చయమైంది, సంసారం నడవాలి. గురువే "నీ ఆర్థిక పరిస్థితికి ఇది కుదరదు" అని హితవు చెప్పాడు. అట్లా ఆయన ఆసుపత్రిలో చేరి, 1886 లో సొంత ప్రాక్టీసు పెట్టాడు. బాధపడేవారికి సాయం చేయాలన్న తహతహ తనకు చిన్నప్పటినుంచీ ఎన్నడూ పెద్దగా లేదని డెబ్బయి ఏళ్ళు దాటాక, 1927 లో, ఆయనే రాసుకున్నాడు. మనిషి లోపల ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలమే ఆయనను నడిపించింది. చేపను కోసిన చెయ్యే తరువాత కలలను విప్పింది.

మాటలతో చికిత్స అన్న పేరు కూడా డాక్టర్లు పెట్టింది కాదు. ఫ్రాయిడ్ స్నేహితుడు బ్రాయర్ 1880–82 ప్రాంతంలో ఒక యువతికి చికిత్స చేశాడు. ఆమె తన మనసులో ఉన్నది చెప్పుకున్న కొద్దీ కొన్ని లక్షణాలు తగ్గడం చూసి, ఈ పద్ధతికి "మాటల వైద్యం" అనీ, నవ్వులాటగా "పొగగొట్టం ఊడ్చడం" అనీ పేర్లు పెట్టింది ఆమే. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. మాటలతో అంతా నయమైపోయిందని చెప్పడానికి లేదు; ఆ తరువాత కూడా చాలాకాలం ఆమె ఆసుపత్రులలో ఉండవలసి వచ్చింది. విశేషమేమంటే కోలుకున్నాక ఆమె జర్మనీలో పేరున్న సంఘసేవకురాలయింది. 1904 లో యూదు మహిళల సమాఖ్యను స్థాపించింది, దిక్కులేని ఆడపిల్లల కోసం 1907 లో ఒక ఆశ్రయగృహం పెట్టింది. బ్రాయర్ మాత్రం ఆ చికిత్సా మార్గంలో ముందుకు పోక తన మామూలు వైద్యానికి తిరిగి వెళ్ళాడు. చూడండి: ఒకే గదిలో ఇద్దరు కూర్చుంటే డాక్టరు ఆ దారి విడిచిపెట్టాడు, పేషెంటు ఇతరులను ఆదుకునే దారి పట్టింది.

ఇక కార్ల్ రోజర్స్ దగ్గరికి వస్తాను. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన నాకు ఈయన మిగతావారికంటే దగ్గరివాడుగా తోచాడు. అమెరికాలో 1902 లో పుట్టాడు. పన్నెండో ఏట వాళ్ళ కుటుంబం చికాగో నగరానికి పడమరగా ఒక వ్యవసాయ క్షేత్రానికి మారింది. అక్కడ గొర్రెపిల్లలను, పందులను, లేగదూడలను పెంచాడు; రాత్రిపూట ఎగిరే పెద్ద పెద్ద చిమ్మెటలను పట్టుకుని వాటి జీవితచక్రాన్ని పరిశీలించాడు. పద్నాలుగేళ్ళకే పశువుల మేత గురించిన ఒక లావుపాటి శాస్త్ర గ్రంథం చదివాడట. ఒక మందకు ఒక మేత వేసి, దానితో సమానమైన ఇంకో మందకు వేరే మేత వేసి, తేడా ఎట్లా కొలవాలో తనకు ఆ పుస్తకమే నేర్పిందని తరువాత రాశాడు. 1919 లో కాలేజీలో చేరింది కూడా అగ్రికల్చర్‌లోనే. 1922 లో క్రైస్తవ విద్యార్థుల మహాసభకు చైనా వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చాక మతబోధకుడు కావాలనుకుని న్యూయార్కులో సెమినరీలో చేరాడు. అక్కడా కుదురుకోక, రోడ్డుకు అవతలి పక్కనే ఉన్న టీచర్స్ కాలేజీకి వెళ్ళి సైకాలజీలో పడ్డాడు. గ్రూపులు మార్చుకునే విద్యార్థులను మన లెక్చరర్లు "నిలకడలేనివాడు" అని తిడతారు గాని, ఈయన విషయంలో ప్రతి మార్పూ ఏదో ఒకటి మిగిల్చి పోయింది. సంభాషణలను రికార్డు చేసి, ఒక కేసు మొత్తాన్ని పొల్లుపోకుండా 1942 లో అచ్చువేసిన మొదటివాడు ఆయనే. మేత కొలిచినట్లే మాటనూ కొలవాలనుకున్నాడు.

ఆయన 1980 లో రాసిన ఒక పుస్తకంలో ఆలుగడ్డల ప్రస్తావన ఉంది. చలికాలం వాడకం కోసం వాళ్ళింట్లో నేలమాళిగలో ఆలుగడ్డలు పోసి పెట్టేవారు. ఎక్కడో పైన చిన్న కిటికీ. ఆ మసక వెలుతురులోనే అవి మొలకలేసేవి. నేలలో పెడితే వచ్చే ఆకుపచ్చని మొలకల్లా కాదు, తెల్లగా, పాలిపోయి, రెండు మూడు అడుగుల పొడవు సాగి, ఆ కిటికీ వైపే పాకేవి. అవి ఎన్నటికీ మొక్కలు కాలేవు, అయినా పెరగడం మానలేదు. ఆసుపత్రుల వెనక వార్డులలో ఏళ్ళ తరబడి ఉండిపోయిన మనుషులను చూసినప్పుడు తనకు ఆ మొలకలే గుర్తొచ్చేవని ఆయన అంటాడు. వాళ్ళ ప్రవర్తన మనకు వికారంగా కనిపించవచ్చు, కాని అది వెలుతురు కోసం వాళ్ళకు తెలిసిన పద్ధతిలో చేసే ప్రయత్నం. మా ఇంట్లో అటకమీద గంపలో మిగిలిపోయిన ఉల్లిగడ్డలు ఇట్లాగే తలుపు వైపు తల తిప్పి మొలవడం నేను ప్రతి వానాకాలం చూస్తాను. బాటనీలో దీన్ని ఫోటోట్రోపిజం అని ఐదు మార్కుల ప్రశ్నగా చదువుకున్నాం. ఇట్లా ఒక మనిషిని చూడవచ్చునని ఎవరూ చెప్పలేదు.

కుతూహలం ఒక తలుపు, నమ్మకం ఇంకొకటి. మూడో తలుపు గాయం. ఈ తలుపు గుండా వచ్చినవారి గురించే ఎక్కువ రాశారు. గ్రీకుల పురాణంలో కైరాన్ అనే వైద్యుడుంటాడు. మానని గాయంతో బాధపడుతూనే ఇతరులకు వైద్యం నేర్పుతాడు. కార్ల్ యుంగ్ ఆ కథను తీసుకునే థెరపిస్టుల గురించి "గాయపడ్డ వైద్యుడు" అన్న భావనను ప్రచారంలోకి తెచ్చాడు. దీనికి మన కాలపు ఉదాహరణ మార్షా లినెహాన్. తమను తాము గాయపరచుకునే, చనిపోవాలని పదే పదే ప్రయత్నించే వారి కోసం ఆమె డి.బి.టి. అనే చికిత్సను రూపొందించింది. 1991 లో దాని మొదటి పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఇరవయ్యేళ్ళ తరువాత 2011 లో, తాను పదిహేడేళ్ళ వయసులో రోగిగా ఉండిన అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రికే వెళ్ళి, "నేనూ ఇక్కడ రెండేళ్ళకు పైగా ఉన్నాను" అని అందరి ముందూ చెప్పింది. ఆ నరకం నుంచి బయటపడితే తిరిగి వచ్చి మిగతావారిని బయటికి తెస్తానని ఆ రోజుల్లో మొక్కుకుందట. కాని మొక్కు ఒక్కటే ఆమెను థెరపిస్టును చేయలేదు. డాక్టరేటు చేసింది, చికిత్సను పరీక్షకు పెట్టింది, పనికిరాని పద్ధతులను వదిలేసింది. గాయం ఆమెకు దారి చూపింది; పని మాత్రం చదువుతోనే వచ్చింది.

గాయమంటే అంత పెద్దదే కానక్కరలేదు. ఆలిస్ మిల్లర్ అనే మనోవిశ్లేషకురాలు 1979 లో వచ్చిన పుస్తకంలో, థెరపిస్టులయ్యేవారిలో చాలామంది చిన్నతనంలో ఇంట్లో పెద్దల మనస్సును చదవడం నేర్చిన పిల్లలే అంటుంది. తల్లి కళ్ళు ఎట్లా ఉన్నాయో చూసి తన ఏడుపు ఆపుకున్న పిల్ల, పెద్దయ్యాక ఎదుటివారి కళ్ళు చదవడమే వృత్తిగా చేసుకుంటుందట. ఇది అందరికీ వర్తిస్తుందని నేననను. కాని చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మిర్చి అమ్మడానికి మా నాయిన ఎనుమాముల మార్కెట్టుకు పోయిన రోజు, రాత్రి తిరిగొచ్చి చెప్పులు విడిచే తీరును బట్టి ధర ఎంత పలికిందో నేను చెప్పగలిగేదాన్ని. ఆ రోజు పుస్తకాల సంగతి అడగవచ్చునా లేదా అన్నది ఆ చప్పుడుతోనే తేలేది. రైతుల ఇళ్ళలో పెరిగిన పిల్లలకు, ముఖ్యంగా పెద్ద కూతుళ్ళకు, ఈ విద్య ఎవరూ నేర్పకుండానే వస్తుంది. మిల్లర్ ఇంకో మాట కూడా అంటుంది, అదే ముఖ్యం: ఇట్లా పెరిగిన మనిషి తన అవసరం తీర్చుకోవడానికి పేషెంటును వాడుకునే ప్రమాదం ఉంది. ఎదుటివాడు బాగుపడితేనే తాను మంచిదాన్ననిపించుకునే ఆరాటం చికిత్స కాదు. ఫ్రాయిడ్ కాలంలోనే, 1920 ల నుంచే, బెర్లిన్‌లో మనోవిశ్లేషణ నేర్చుకునేవారు ముందు తాము విశ్లేషణ చేయించుకోవాలని నిబంధన పెట్టింది ఇందుకే.

దీన్నిబట్టి నాకు అర్థమైనదేమంటే, ఒకరిని ఈ వృత్తిలోకి లాక్కొచ్చేది ఒకటి, ఆ తరువాత నిలబెట్టేది మరొకటి. రావడానికి కుతూహలమో నమ్మకమో గాయమో చాలు. నిలవడానికి ఈ మూడింటిలో ఏదీ చాలదు.

ఎందుకు చాలదో చెప్పాలంటే ఈ పనిలోని చిక్కు చెప్పాలి. పత్తి గింజ పెడితే తేమ సరిగ్గా ఉంటే వారంలో మొలక కనపడుతుంది. మొలవకపోతే విత్తనానిదో వాననిదో తప్పని తెలుస్తుంది. థెరపిస్టుకు ఆ సౌకర్యం లేదు. పది వారాలు వచ్చిన మనిషి పదకొండో వారం రావడం మానేస్తాడు. బాగుపడి మానేశాడా, విసిగి మానేశాడా? చాలాసార్లు ఎన్నటికీ తెలియదు. వృత్తి మొత్తం మీదనే ఈ అనుమానం ఒకసారి వచ్చింది. 1952 లో లండన్‌లో ఐసెంక్ అనే సైకాలజిస్టు, న్యూరోసిస్ ఉన్నవారిలో మూడింట రెండు వంతులమంది ఏ చికిత్సా లేకపోయినా రెండేళ్ళలో కుదుటపడుతున్నారు, మరి మీరు చేసేదేమిటి అని ప్రశ్నించాడు. థెరపిస్టులు మండిపడ్డారు గాని దగ్గర లెక్కలు లేవు. జవాబు చెప్పడానికి ఇరవై అయిదేళ్ళు పట్టింది. 1977 లో స్మిత్, గ్లాస్ అనే ఇద్దరు 375 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కగట్టి, చికిత్స పొందిన సగటు మనిషి, పొందనివారిలో నూటికి 75 మంది కంటే మెరుగ్గా ఉన్నాడని తేల్చారు. వృత్తికి ఊపిరి వచ్చింది. అయితే ఆ సగటు మనిషి ఎవరి గదిలోనూ కూర్చోడు. గదిలో కూర్చునేది ఒక సుజాతో ఒక మల్లయ్యో. ఆమెకు ఈ రోజు ఉపయోగం జరిగిందో లేదో ఈ రోజు తెలియదు.

మరి ఏ బలంతో సాగుతారు? ఆర్లిన్‌స్కీ, రోన్నెస్టాడ్ అనే పరిశోధకులు డజనుకు పైగా దేశాలలో దాదాపు 5,000 మంది థెరపిస్టులను ప్రశ్నించి 2005 లో ఒక పుస్తకం ప్రచురించారు. "మీరు ఈ పనిలో ఎదగడానికి ఎక్కువ తోడ్పడింది ఏమిటి?" అన్న ప్రశ్నకు పుస్తకాలు, కోర్సులు అన్న జవాబు ముందు రాలేదు. పేషెంట్లతో చేసిన పని మొదట, అనుభవజ్ఞుల పర్యవేక్షణ తరువాత, తాము స్వయంగా పొందిన చికిత్స ఆ తరువాత. అంతేకాదు, చాలా ఏళ్ళు చేసినవారు కూడా "ఇంకా నేర్చుకుంటున్నాం" అన్నారు. ఆ భావన ఉన్నవారే పనిలో ఉత్సాహంగా ఉన్నారు. అది ఇంకిపోయినవారికి గది భారమైంది. అంటే పెద్ద పెద్ద విజయాలకంటే, నిన్నటికంటే ఈ రోజు ఒక మనిషిని కొంచెం మెరుగ్గా అర్థం చేసుకున్నానన్న నమ్మకమే వీరిని లేపి మళ్ళీ కుర్చీలో కూర్చోబెడుతున్నది. ఫ్రాయిడ్ కుతూహలాన్ని మనం తక్కువగా చూడడానికి లేదన్నమాట.

రెండో బలం తోడు. ఇది లేకపోతే ఏమవుతుందో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ చరిత్ర చెబుతుంది. చిన్నతనంలో నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని న్యూయార్కు చేరిన మనిషి. పగలంతా తన ప్రాక్టీసు, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా మత్తుమందులకు అలవాటు పడ్డ యువకుల కోసం నడిచే ఉచిత క్లినిక్కు. కొంతకాలానికి తనకూ, అక్కడి వాలంటీర్లకూ ఒకటే జబ్బు కనిపించింది: అలసట, చిరాకు, ఎవరి మాటా నమ్మకపోవడం, జలుబూ తలనొప్పీ వదలకపోవడం. 1974 లో దానికి "బర్న్ అవుట్" అని పేరు పెట్టి వ్యాసం రాశాడు. నూనె అయిపోయినా వెలుగుతూ ఒత్తే కాలిపోవడం వంటిది. సుమారు ఏడాది పని తరువాత ఇది మొదలవుతుందనీ, బద్ధకస్తులకు కాదు, అందరికంటే అంకితభావం ఉన్నవారికే వస్తుందనీ ఆయన గమనించాడు. పైన చెప్పిన రోజర్స్ కూడా దీనికి మినహాయింపు కాదు. 1950 ప్రాంతంలో ఒక తీవ్రమైన కేసులో ఎంతకూ హద్దు గీయలేక, తన మనసే చెదిరిపోతుందన్న భయంతో, ఆ పేషెంటును ఇంకొకరికి అప్పగించి భార్యతో కలిసి రెండు మూడు నెలలు ఊరొదిలి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చి, తన దగ్గర పనిచేసే ఒక సహచరుడి ముందు పేషెంటుగా కూర్చున్నాడు. షరతులు లేని ఆదరణ గురించి ప్రపంచానికి చెప్పిన మనిషికి అది ఇంకొకరి నుంచి అందవలసి వచ్చింది.

ఈ వృత్తిలో విన్నది ఇంటికి వచ్చి చెప్పుకోవడానికి వీల్లేదు. లెక్చరరు పిల్లల మీద విసుక్కోవచ్చు, బస్సు కండక్టరు ప్రయాణికుల మీద విసుక్కోవచ్చు. థెరపిస్టు నోరు విప్పకూడదు. అందుకే సూపర్‌విజన్ అనే ఏర్పాటు ఉంది. అనుభవమున్న ఇంకో థెరపిస్టు ముందు, పేషెంటు పేరు బయటపెట్టకుండా, "ఇక్కడ నేను ఆగిపోయాను, ఇక్కడ నాకు కోపం వచ్చింది" అని చెప్పుకునే గంట అది. సెషన్‌కు కచ్చితమైన సమయం ఉండడం కూడా ఇందుకే. బయటివారికి గడియారం చూసే మనిషి కఠినంగా కనిపిస్తాడు. నా ఉద్దేశంలో ఆ గడియారమే తరువాత వచ్చే మనిషికి దక్కవలసిన వాటాను కాపాడుతుంది. కాలువ నీళ్ళకు వంతులు పెట్టుకున్న ఊళ్ళవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

దుఃఖం అంటుకున్నట్లే ధైర్యమూ అంటుకుంటుందా? కొలంబియా రాజధాని బొగోటాలో రాజకీయ హింసకు గురైనవారితో, ఆత్మీయులు కిడ్నాపైన కుటుంబాలతో పనిచేసే పన్నెండుమంది థెరపిస్టుల అనుభవాలను కొందరు పరిశోధకులు సేకరించి 2007 లో ప్రచురించారు. ఇంత జరిగినా మళ్ళీ లేచి నిలబడే మనుషులను రోజూ చూడడం వల్ల తమ సొంత కష్టాలు తమకు వేరుగా కనిపించసాగాయని వారు చెప్పారు. పన్నెండుమంది మాటలతో సిద్ధాంతం నిలబడదని సైన్సు విద్యార్థులు అనవచ్చు. నిజమే. కాని ప్రశ్న మాత్రం సరైనదేనని నాకు తోస్తుంది.

ఇంతదాకా పరదేశాల ముచ్చటే అయింది. మన ఊళ్ళలో ఈ పని ఎవరూ చేయడం లేదా? 1997–98 లో వరంగల్ జిల్లాలో పురుగుతో పత్తి పోయి, అప్పులు మీదపడి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేనప్పటికి పుట్టలేదు. కాని ఆ తరువాత కూడా అటువంటి ఇళ్ళు మా చుట్టుపక్కల లేకపోలేదు. పరామర్శకు వందమంది వస్తారు. "ధైర్యం తెచ్చుకో, పిల్లల మొఖం చూడు" అంటారు. పదకొండో దినం అయ్యాక ఎవరి చేను వారిది. అటువంటి ఒక ఇంటికి మా దూరపు పెద్దమ్మ మాత్రం మూడు నెలలపాటు మధ్యాహ్నం పూట పోయేది. సలహాలు చెప్పదు. ఆ ఇల్లాలి పక్కన కూర్చుని మిరపకాయల ముచ్చికలు తీసేది. ఆమె మాట్లాడితే "ఊఁ" కొట్టేది, మాట్లాడకపోతే ముచ్చికలు తీసేది. రోజర్స్ చెప్పిన మూడు లక్షణాలు, సహానుభూతి, షరతులు లేని ఆదరణ, నటన లేకపోవడం, చదివినప్పుడు నాకు పెద్దమ్మే కళ్ళముందు మెదిలింది. అయితే ఆమెలో లేనిది కూడా ఒకటుంది. ఎదుటి మనిషికి మామూలు దుఃఖమా, మందులు కావలసిన జబ్బా అన్నది గుర్తుపట్టడం ఆమెకు రాదు. ఆ పని శిక్షణ లేనిదే ఎవరికీ రాదు.

ఆ శిక్షణ ఉన్నవారు మనకు ఎంతమంది? 2015–16 లో పన్నెండు రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (మన రెండు తెలుగు రాష్ట్రాలు అందులో లేవు) పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉందనీ, చాలా రుగ్మతల విషయంలో నూటికి డెబ్బయిమందికి పైగా చికిత్స అందడం లేదనీ చెప్పింది. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. అందుకే మనవంటి దేశాలలో పని విధానమే మారవలసి వచ్చింది. 1950 లలోనే అమృత్‌సర్ మెంటల్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులకు ఆవరణలో డేరాలు వేయించి, వాళ్ళను కూడా చికిత్సలో కలుపుకున్నాడు. తాళం వేసి అప్పగించి పోయే చోటును కలిసి ఉండి తీసుకుపోయే చోటుగా మార్చాడు.

ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు పేషెంటు ఒకామె, బస్సు ఛార్జీలకు డబ్బులేక ఆసుపత్రికి రాలేక ప్రాణం తీసుకుంది. పేషెంటు తన దగ్గరికి రావాలని కూర్చోవడం సరికాదనుకున్నాడాయన. 2006 లో హరారే నగరంలోని ఒక పేటలో పద్నాలుగుమంది ముసలమ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్కుల ఆవరణలో చెట్ల కింద చెక్కబెంచీల మీద కూర్చోబెట్టాడు. మొదట వాటికి మానసిక ఆరోగ్య బెంచీలని పేరు పెడితే, "ఆ పేరుంటే ఎవరూ కూర్చోరు నాయనా, స్నేహపు బెంచీ అను" అని దిద్దింది ఆ ముసలమ్మలే. ఆ దేశపు భాషలో దిగులుకు "అతిగా ఆలోచించడం" అనే అర్థం వచ్చే మాట ఉంది. వాళ్ళు ఆ మాటే వాడారు, డిప్రెషన్ అనలేదు. 2016 లో వచ్చిన పరీక్షా ఫలితాలలో బెంచీ మీద మాట్లాడినవారి దిగులు, మామూలు వైద్యం పొందినవారి దిగులుకంటే స్పష్టంగా తగ్గింది. మనకు దగ్గరగా, పత్తి రైతుల ప్రాంతమే అయిన విదర్భలోని అమరావతి జిల్లాలో ముప్ఫయి గ్రామాలలో ఊరివాళ్ళకే శిక్షణ ఇచ్చి చేసిన ప్రయత్నంలో, డిప్రెషన్‌కు సాయం కోరి వచ్చేవారి నిష్పత్తి ఒకటిన్నర సంవత్సరంలో దాదాపు ఆరింతలయిందని 2017 లో ప్రచురించారు. గోవాలో ఇట్లాగే తయారైన కౌన్సెలర్లు తమ సెషన్లను రికార్డు చేసి, వారం వారం కలిసి కూర్చుని ఒకరిది ఒకరు విని మార్కులు వేసుకుంటారు. పెద్ద డిగ్రీలు లేనివారిని నిలబెడుతున్నది కూడా ఆ తోడే, ఆ నేర్చుకోవడమే.

ఇంట్లో ఈ సంగతులన్నీ చెప్పినప్పుడు మా నాయిన అంతా విని, "వినుడుకు సుత జీతమిస్తరా బిడ్డా?" అని అడిగాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే. ఆయన ప్రశ్నలో న్యాయముంది. చాలాచోట్ల ఈ ఉద్యోగాలు కాంట్రాక్టువి, జీతాలు తక్కువ. ఫ్రాయిడ్ ల్యాబు వదిలిందీ జీతం చాలకనే గదా. ఇస్తారని చెప్పాను, ఎంతో చెప్పలేదు.

విద్యార్థి సంఘానికి ఒక విన్నపం చేసి ముగిస్తాను. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. టెలి మానస్ అంటారు, ఖర్చు లేదు. ఈ నంబరు మన హాస్టళ్ళ నోటీసు బోర్డుల మీద లేదు, వేయించాలి. రెండోది, వచ్చే విద్యాసంవత్సరంలో సైకాలజీ శాఖవారిని అడిగి పదిమంది సీనియర్లకు వినడంలో శిక్షణ ఇప్పించాలి. ఆ పదిమంది వారానికి ఒకసారి ఒక లెక్చరరు సమక్షంలో కూర్చుని తాము ఎక్కడ ఆగిపోయారో చెప్పుకునే ఏర్పాటు కూడా ఉండాలి. ఆ ఏర్పాటు కుదరకపోతే మొత్తం పథకమే వద్దు. ఫ్రాయిడెన్‌బర్గర్ వాలంటీర్ల గతి మన వాళ్ళకు పట్టగూడదు. గది కోసం వెతకనక్కరలేదు. లేడీస్ హాస్టలు మెస్సు పక్కన పాత కుర్చీలు వేసి తాళం పెట్టిన గది ఒకటుంది. కుర్చీలు ఎట్లాగూ కావలసినవే. తాళంచెవి వార్డెన్ మేడంగారి దగ్గరుంది.